మూత కింద బుడగ

ఫిబ్రవరి 3, సాయంత్రం

ప్రాజెక్టు పనికి చెరువు ల్యాబుకి వచ్చేశాను. గదిలో ఇనుప మంచం, బల్ల, ఒక కాలు పొట్టిగా ఉన్న కుర్చీ. కిటికీ తెరిస్తే సరస్సు. నీలంగా ఉంటుందనుకున్నాను. పచ్చగా ఉంది. ఎవరో పెయింటు డబ్బాలన్నీ తెచ్చి ఇందులోనే కడిగినట్టు చిక్కటి పచ్చ. ఒడ్డు పొడుగునా తెల్లటి పొర పేరుకుని ఉంది. చౌడు. ఈ మాట పుస్తకాల్లో చాలాసార్లు చదివాను, కాలితో తొక్కడం ఇదే మొదలు. కరకరలాడుతుంది. ఆ మాట పైకి అంటుంటేనే నాలుక ఎండిపోతోంది. ఎంత బాగుందో.

చేపలు లేవు. కలువలు లేవు. ఈ నీళ్ళు ఎవరూ తాగరు, ఎవరి పొలానికీ పారవు. అయినా భూమ్మీద అన్నిటికన్నా ఎక్కువ పండించే నీళ్ళలో ఇలాంటి ఉప్పు, సోడా చెరువులు ముందు వరసలో ఉంటాయని క్లాసులో చెప్పారు. అప్పుడు నోట్సు రాసుకున్నాను. నమ్మలేదు.

ఫిబ్రవరి 4

నాకు పని నేర్పేది సీసాలక్క. ఇక్కడి ల్యాబ్ టెక్నీషియన్. పదహారేళ్ళుగా వారానికి రెండుసార్లు ఇదే చెరువులో సీసాలు వేలాడదీస్తోంది కాబట్టి ఆ పేరు. ఏప్రిల్ నెలాఖరుకి రిటైర్మెంట్. మా అమ్మకన్నా పెద్దది, అయినా అందరికీ అక్కే.

పని ఇది. అరచేతిలో పట్టే సీసాలు రెండు. ఒకటి తెల్లది. రెండోదానికి నల్ల టేపు చుట్టి ఉంటుంది. రెంటినీ చెరువు నీళ్ళతో నింపి, మూత బిగించి, తాడుకి కట్టి, చెరువులోనే నాలుగు గంటలు వదలాలి. తెల్ల సీసాలో నాచుకి ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. నల్ల సీసాలో చీకటి, ఉన్న ఆక్సిజన్ వాడుకుంటుంది. రెండూ కొలిస్తే గంటకి నాచు ఎంత పండించిందో తేలుతుంది. పుస్తకం దీన్ని ఉత్పాదకత అంటుంది. ఆ మాటలో మోటారు చప్పుడు వినిపిస్తుంది నాకు. అక్క మాత్రం పంట అంటుంది. పద, ఈ వారం పంట ఎలా ఉందో చూద్దాం అంటుంది.

నా మొదటి పంట నేలపాలు. కొలిచే ముందు సీసాలో యాసిడ్ వేయాలి. పుస్తకంలో ఉన్నట్టే గబుక్కున వేశాను. సోడా నిండిన నీళ్ళాయె, బుస్సున పొంగి నా తెల్లకోటు మీద గోధుమరంగు మ్యాపు గీసింది. తిడుతుందనుకున్నాను. చెరువు సంతకం పెట్టేసింది, ఇంక నువ్వు మా మనిషివే అంది. తర్వాత పిపెట్ కొన సీసా గోడకి ఆనించి, పసిపిల్లకి మందు పట్టినట్టు చుక్క చుక్కగా ఎలా వేయాలో చూపించింది. ఆ పుస్తకం తేటనీళ్ళ వాళ్ళు రాసుకున్నది, మన చెరువు సంగతి వాళ్ళకేం తెలుసు అంది.

తేట. దీనికి ఎదురుమాట వెతుకుతున్నాను. మడ్డి అంటే చెరువుకి అవమానం. చిక్కన అనుకుందాం.

ఫిబ్రవరి 7

పొద్దున్నే పడవలో వెళ్ళాం. నలుపు తెలుపు పళ్ళేన్ని తాడుకి కట్టి నీళ్ళలోకి దించుతారు. అది కనబడకుండా పోయిన చోటు రాసుకుంటారు. మంచినీళ్ళ చెరువుల్లో మూడు, నాలుగు మీటర్లు. ఇక్కడ పధ్నాలుగు సెంటీమీటర్లు! చెయ్యి ముంచి చూశాను. మణికట్టు దాకా నాది, ఆ కింద ఎవరిదో. జానెడు లోతు కూడా లేని వెలుతురులో ఇంత పంట.

మధ్యాహ్నం సీసాలు పైకి తీశాక అక్క పిలిచింది. తెల్ల సీసా మూత కింద ఒక బుడగ. కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటుకీ మొదటి బుడగ తనే చూపిస్తుందట, పసిబిడ్డ ముఖం మీద దుప్పటి తీసి చూపించినట్టు. నాచు వదిలిన ఆక్సిజన్ నీళ్ళలో ఇంక పట్టక అలా పైకొచ్చి కూర్చుంటుంది. ఎండకి తిప్పితే పచ్చ, వంకాయరంగు, మళ్ళీ పచ్చ. తర్వాత అక్క మూత మీద వేలితో ఒక్కసారి తట్టి తీసింది. తుస్. పోయింది.

గదికొచ్చి దానికి పేర్లు రాసుకున్నాను. నీటిముత్యం. వెలుగుగింజ. ఊపిరిపూస. ఊపిరిపూస ఉంచేస్తాను.

ఫిబ్రవరి 14

సార్ వచ్చారు. ఈ చెరువు పని చూసే ప్రొఫెసరు, నెలకి రెండుసార్లు యూనివర్సిటీ నుంచి వస్తారు. పెద్ద కబురు. అక్క పదహారేళ్ళ అంకెలతో సార్ రాసిన పేపర్‌ని జర్నల్ వాళ్ళు ఒప్పుకున్నారు. మొదటి పేరు అక్కది! ఇంతకుముందు నాలుగు పేపర్లలో అక్క అంకెలు వాడుకున్నారు. నాలుగింటిలోనూ చివర, సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు అని ఒక ముక్క. పేరు కూడా లేదు. ఈసారి అలా కుదరదని సారే పట్టుబట్టారట. ఏప్రిల్‌లో అచ్చవుతుంది, రిటైర్మెంట్‌కి ముందే.

అక్క సార్‌ని మొదటి పేజీ ఒక్కటీ అడిగి తీసుకుని, ఆయన వెళ్ళాక చేతులు రెండోసారి తుడుచుకుని చదివింది. వాళ్ళ అత్తగారు ఇప్పటికీ చుట్టాలకి మా కోడలిది సీసాలు కడిగే ఉద్యోగం అని చెబుతుందట. ఏప్రిల్‌లోపు ఆవిడ కళ్ళజోడు మార్పించాలి అంది అక్క. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.

నా వంతు పని, పదహారు నోట్‌బుక్కులూ కంప్యూటర్లోకి ఎక్కించడం. పేపర్ మొత్తానికి ప్రాణం ఒకే మాట: నిలకడ. వానలు కురిసినా మానినా, నాచు పల్చబడినా చిక్కబడినా, ఎండాకాలపు పంట పదహారేళ్ళుగా ఒకే మట్టంలో ఉంది. నిలకడ. ఈ మాటని మూడుసార్లు టైపు చేసి చూసుకున్నాను, ఊరికే.

ఫిబ్రవరి 22

మైక్రోస్కోపులో చూశాను. ప్రతి నాచుపోగూ ఒక స్ప్రింగు. ఇన్నాళ్ళూ నేను స్ప్రింగుల చారులో చెయ్యి పెట్టానన్నమాట.

మార్చి 1

అమ్మ ఫోన్. కుట్టుమిషన్ ఆపకుండానే మాట్లాడుతుంది, టకటకల మధ్య మాటలు ఏరుకోవాలి. నాచు కొలిచి ఏం చేస్తారే అంది. ఎండబెట్టి పొడి చేసి తింటారనీ, ఈ నాచు మీదే వేల పక్షులు బతుకుతాయనీ చెప్పాను. వెనకనుంచి అన్నయ్య, మన బాత్రూంలో కూడా ఈ ఏడు పంట బాగుంది, వచ్చి కొలవమను అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక మిషన్ ఆపేసింది. బ్లౌజు చెయ్యి వంకరపోయిందట, అదీ నా ఖాతాలోనే వేసింది.

మార్చి 9

ఈ రోజు పాడైంది. పదింటికి సీసాలు వేశాం. పదకొండు దాటగానే గాలి లేచింది. పచ్చటి అలలు, వాటి మీద సబ్బునురగ. పడవ మనిషి ఇంక ఉండకూడదని కేకేశాడు. తాళ్ళు లాగేసి వచ్చేశాం. డెబ్బై నిమిషాలే అయింది. అక్క తన నోట్‌బుక్కులో గాలి, రద్దు అని రాసింది.

నాకు పారబోయాలనిపించలేదు. చేయి కుదురుతుందిలే అని కొలిచి చూశాను.

మార్చి 10

అంకె కుదరడం లేదు. మామూలుగా తెల్ల సీసాలో నాలుగు గంటలకి ఆక్సిజన్ ఇరవై రెండు పెరుగుతుంది. అంటే గంటకి ఐదున్నర. నిన్నటి సీసాలో డెబ్బై నిమిషాలకే పన్నెండున్నర పెరిగింది. గంటకి దాదాపు పదకొండు.

రెట్టింపు.

కొలిచే గొట్టం, బ్యూరెట్, దాని మీద గీత ఎక్కడో తప్పు చదివి ఉంటాను. తొందరపాటు పిల్లని అని ఆరో తరగతి టీచరు ప్రోగ్రెస్ కార్డులోనే రాసింది.

మార్చి 11

అక్క సెలవు. అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ పడవ మనిషీ వెళ్ళాం. ఒకే నీళ్ళు, ఒకే లోతు. కొన్ని సీసాలు గంటకి తీశాను, కొన్ని నాలుగు గంటలకి. మూడేసిసార్లు కొలిచాను.

గంట సీసా: పదకొండు. పదకొండుంపావు. పదిన్నర. నాలుగు గంటల సీసా: ఐదున్నర, ఐదున్నర, ఐదున్నర.

గంట సీసాలో బుడగ లేదు. నాలుగు గంటల సీసాలో ఉంది. మూత తీయగానే తుస్సుమని పోతోంది చూడండి, అదే. అది పంట. కొలవకముందే గాల్లో కలిపేస్తున్నాం. నేను దానికి మూడు పేర్లు పెట్టాను, అదెక్కడికి పోతోందో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

అక్క పాత నోట్‌బుక్కులు తీశాను. నాలుగు గంటల తర్వాత తెల్ల సీసాలో, మొదట ఉన్న ఎనిమిదితో కలిపి, మార్చి నెల, ఏడాది వెంట ఏడాది: ముప్ఫై. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఒకటి. ముప్ఫై. గ్లాసు నిండాక ఎంత పోసినా గ్లాసుడే కదా. నిలకడగా ఉన్నది చెరువో, సీసానో.

మార్చి 12

చెప్పలేదు. అక్క అత్తగారి కళ్ళజోడు ఫ్రేము ఫోటో చూపించింది.

మార్చి 13

ఇవాళా చెప్పలేదు.

మార్చి 14, సాయంత్రం

చెప్పేశాను. సీసాలు కడుగుతుంటే చెప్పాను, ముఖం చూడక్కర్లేకుండా.

అక్క కుళాయి కట్టేసింది. ఎన్ని నిమిషాలు అంది. ఏ లోతు అంది. ఎన్నిసార్లు కొలిచావ్ అంది. కాగితం ఇచ్చాను. చదివి, ఆ పూట తీసిన సీసా ఒకటి మూత తీయకుండా కిటికీ దగ్గరికి పట్టుకుని చాలాసేపు చూసింది. వేలు మూత దాకా వెళ్ళింది. తట్టలేదు. ఇన్నేళ్ళూ దీన్ని తట్టి మరీ సాగనంపాను అంది.

తర్వాత ఐదింటి బస్సుకి వెళ్ళిపోయింది, రేపు కలుద్దాం అనకుండా.

ఇంకో ఆరు వారాలు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది? ఈ ప్రశ్న రాసుకుని కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను, నా గురించి నాకు తెలియాలి కాబట్టి.

మార్చి 15

ఉదయం ఏడింటికి వెళ్తే అక్క నాకన్నా ముందే రేవు దగ్గర ఉంది. మూడు తాళ్ళు, ఇరవై నాలుగు సీసాలు. గంట తాడు, రెండు గంటల తాడు, నాలుగు గంటల తాడు. రాత్రి పడుకుంటే కదా అంది. యాసిడ్ దగ్గర పుస్తకాన్ని నమ్మలేదు, గంటల దగ్గర మాత్రం ఎందుకు నమ్మానో చెప్పు అంది. జవాబు కోసం అడగలేదులే, ఆ పెట్టె ఇటు అందుకో అంది.

మధ్యాహ్నానికి తేలింది. గంట: పదకొండు. రెండు గంటలు: ఎనిమిదిన్నర. నాలుగు: ఐదున్నర. అక్క మూడు అంకెలనీ ఒకదాని కింద ఒకటి రాసి, కింద గీత గీసి, నవ్వింది! మన చెరువు ఇంత పెద్దదా అంది. నిజంగానే నవ్వింది. నేనైతే ఏడ్చేదాన్ని.

మార్చి 21

సార్ వచ్చారు. కాగితాలన్నీ రెండుసార్లు చూశారు. బుడగ ఒక్కటే కాదు, ఆక్సిజన్ మరీ నిండిపోతే నాచు కూడా నెమ్మదిస్తుంది, రెండూ కలిసి లాగేశాయి అన్నారు. తప్పు తనదీ అన్నారు, పదహారేళ్ళుగా ఆ అంకెలు చూస్తున్నది తనే కదా. అక్కడిదాకా ఆయన మీద గౌరవం పెరిగింది. తర్వాత అన్నారు, ఒక ఫుట్‌నోట్ పెడదాం, పేపర్ రానిద్దాం, సరిచేసింది వచ్చే ఏడాది ఇంకోటి వేద్దాం, రిటైర్మెంట్ ముందు ఎందుకక్కా ఈ తలనొప్పి అన్నారు. మంచితనంతోనే అన్నారు. నేను లోపల సరే సరే అనుకున్నాను.

అక్క ఒప్పుకోలేదు. ఫుట్‌నోట్ ఒక అంకె తప్పయితే పెడతారు సార్, ఇక్కడ మీ నిలకడే తప్పు అంది. పోనీ అన్నిటినీ రెండుతో గుణిద్దామంటే అదీ కుదరదు, చిక్కగా ఉన్న ఏడాది ఎక్కువ పోయి ఉంటుంది, పల్చటి ఏడాది తక్కువ అంది. వెనక్కి తీసుకుంటే ఏప్రిల్‌లోపు మళ్ళీ రాదు మరి అన్నారు సార్. కేలెండర్ మా ఇంట్లోనూ ఉంది సార్ అంది అక్క. పదహారేళ్ళు ఆ చెరువుకి సగం మార్కులు వేశాను, కూడిక రాని మాస్టారి పేరు మొదట పెట్టి అచ్చేస్తారా అంది.

పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని సార్ మా ముందే జర్నల్‌కి ఉత్తరం రాశారు. ముందు, పద్ధతిలో అనుకోని కొన్ని పరిమితుల వల్ల అని రాశారు. అక్క చదివి, పరిమితులు అంటే ఏమిటి సార్ అంది. ఆయన చెరిపేసి, మా కొలత తప్పు అని రాశారు. మూడు మాటలు. నేను ఇన్నాళ్ళూ పోగేసిన మాటలన్నీ ఒక పక్క, ఈ మూడూ ఒక పక్క.

మార్చి 23

పాత నోట్‌బుక్కులు మళ్ళీ తిరగేస్తుంటే మార్జిన్లు కనబడ్డాయి. కనబడ్డాయి అనడం అబద్ధం. ముందే చూశాను, కంప్యూటర్లో వాటికి గడి లేదని వదిలేశాను. ఆవగింజ. మిరియం. శనగ. చింతగింజ. ఏ రోజు బుడగ ఎంత ఉందో అక్క ముచ్చటపడి పక్కన రాసుకుంది. మొదటి ఏడాది నుంచీ. ఎందుకు రాశారు అంటే, ముద్దొచ్చి రాశాను, ఎవరికైనా చూపించడానికా అని సిగ్గుపడింది.

సార్‌కి ఫోన్ చేశాను. ఒక్క పేజీ కూడా వదలకుండా ఎక్కించు అన్నారు. ఏ రోజు ఎంత పోయిందో అంచనా కట్టడానికి దారి దొరికింది.

ఏప్రిల్ 6

ఆవగింజ అంటే ఎంత? దాని కోసం పరీక్షలు. అక్క ఇంటి నుంచి డబ్బాలో గింజలు తెచ్చింది. నాలుగు గంటల సీసా పక్కన గింజ పెట్టి, ఇది మిరియమా శనగా అని అక్క చెబుతుంది. నేను రబ్బరు మూతలోంచి సన్నటి సూది గుచ్చి బుడగని సిరంజిలోకి లాగి కొలుస్తాను. చూసి చెప్పడంలో అక్క తడబాటు ఉందేమోనని, సూది గుచ్చకముందే కొన్ని సీసాలని కలిపేసి, గింజల డబ్బా దాచి మళ్ళీ అడిగాను. నలభైలో ముప్ఫై ఏడుసార్లు ముందు చెప్పిందే చెప్పింది. ఆ కళ్ళని ఏ కంపెనీ తయారుచేయగలదు?

గేటు బాబాయ్, అంటే వాచ్‌మన్, తొంగిచూసి, ల్యాబులో వంట కూడా మొదలెట్టారా అన్నాడు. రాత్రికి నాచు కూర, ఉండిపో అంది అక్క.

ఏప్రిల్ 19

ఎండాకాలపు లెక్క ఒక కొలిక్కి వచ్చింది. తొమ్మిదో ఏట చెరువు మామూలుకి రెండున్నర రెట్లు పండింది. ఎవరికీ తెలియకుండా. పదమూడో ఏట బాగా పడిపోయి మళ్ళీ లేచింది. ఇన్నాళ్ళూ సరళరేఖ అనుకున్నది, ఇప్పుడు చూస్తే ఊపిరి పీల్చి వదులుతున్న ఛాతీలా ఉంది. అక్క ఆ గ్రాఫులో తొమ్మిదో ఏడు మీద వేలు పెట్టి, ఆ ఏడే మా అమ్మాయి పెళ్ళి, అందుకే నాకు గుర్తులేదు అంది.

కానీ ఇది ఎండాకాలానికే. వానాకాలం గింజ వేరు, చలికాలం గింజ వేరు. అప్పుడు మళ్ళీ కొలవాలి. అప్పటికి అక్క ఉండదు. బుడగని చూసి గింజ చెప్పడం నాకు నేర్పుతోంది. నా లెక్క నలభైలో ఇరవై రెండు.

ఏప్రిల్ 30

వీడ్కోలు. సార్ మాట్లాడుతూ మధ్యలో ఆపి, నీళ్ళు తాగి కూర్చున్నారు. స్టాఫ్ అంతా కలిసి గోడగడియారం ఇచ్చారు. అక్క విప్పి చూసి, నాలుగు గంటలు తప్పు కొలిచినందుకా అంది. ముందు ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. తర్వాత ఆగకుండా నవ్వారు.

అత్తగారు కూడా వచ్చింది, కొత్త కళ్ళజోడుతో. చదవడానికి ఏమీ లేదు. నేను ఆవిడ పక్కన కూర్చుని, మీ కోడలు ఏం చేసిందో తెలుసా అని మొదలుపెట్టాను. అంతా విని, అయితే ఒప్పు అనుకున్నది తప్పని తనే చెప్పిందా అంది. అవునన్నాను. ఇంట్లో ఒక్కరోజూ ఒప్పుకున్న పాపాన పోలేదు అంది. అయినా వెళ్ళేటప్పుడు గడియారం పెట్టె అక్కని మోయనివ్వలేదు. తనే పట్టుకుంది.

అక్క పదహారు నోట్‌బుక్కులకీ మొదటి పేజీలో ఒకే వాక్యం రాసి వెళ్ళింది. ఇవి నాలుగు గంటల సీసా అంకెలు, తక్కువ చెబుతాయి, మార్జిన్ కూడా చదవండి. కింద సంతకం, తేదీ.

మే 27

రిటైరైనవాళ్ళు ల్యాబులో పని చేయడానికి రూల్స్ లేవట. సార్ అడిగి చూశారు.

జూన్ 9

మొదటి వాన. చెరువు రంగు ఒక మెట్టు దిగింది. నేనొక్కదాన్నే. బుడగ మిరియమో, మిరియానికి కొంచెం పైనో. చెప్పలేకపోయాను. రాయకుండా వదిలేశాను.

జూన్ 18

గేటు దగ్గర సందర్శకుల రిజిస్టర్, ఈ రోజు మొదటి వరస. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

పేరు: ఇంటిపేరుతో సహా, పూర్తిగా, అక్క చేతివ్రాత.
హోదా: ఒక గీత.
ఎవరిని కలవాలి: చెరువును.
వచ్చిన పని: దిద్దుబాటు.
వెళ్ళే సమయం: ఖాళీ. గేటు బాబాయ్ సాయంత్రం నాలుగు అని వేయబోతుంటే అక్క పెన్ను లాక్కుందట, అడిగితే చెప్పాడు.